పద్నాలుగో నంబరు

మొయినాబాదు
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకు సుభద్ర నమస్కారాలు.

నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ముసురుకి అమ్మ మోకాళ్ళు ఊరుకోవని తెలుసు. ఆముదం వెచ్చచేసి రాస్తున్నావా? ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట రాసి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. నీరజ గడప మీద కూర్చుని గచ్చకాయలాడుకుంటోంది. వేళకి తింటోంది, నిద్రపోతోంది. కాబట్టి క్షేమమనే రాయాలి. కొట్టెయ్యను, ఉండనీ.

నీ ఉత్తరం మొన్న బుధవారం అందింది. బావగారు వచ్చే శుక్రవారం బయలుదేరి వచ్చి నీరజను రేపల్లె తీసుకెళ్ళిపోతారని, అక్కడే బళ్ళో వేస్తామని రాశావు. అడిగింది నేనే, కాదనను. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు ఆయన్ని ప్రయాణం కట్టనివ్వకు. కార్డు ముక్కలో పట్టే సంగతి కాదు కనుక ఇన్ని కాగితాలు తీశాను.

మేమిక్కడికి వచ్చి రెండో ఏడు నడుస్తోంది. మావారు నాగార్జునసాగర్ పనుల దగ్గరే ఉన్నారు. నెలకోసారి వచ్చేవారు, ప్రత్యేక తెలంగాణా గొడవలు మొదలయ్యాక బస్సులు ఉన్న రోజు ఉంటాయి, లేని రోజు లేవు, అదీ కుదరడం లేదు. మేమున్నది శాంతమ్మగారి ఇంట్లో కిరాయికి రెండు గదులు. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం, మంచివాళ్ళు. వచ్చిన కొత్తలో నాకు జొన్నరొట్టె చెయ్యడం రాక చేతులు కాల్చుకుంటే ఆవిడే నెల రోజులు రొట్టెలు పంపింది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రూతు, టీచరు ట్రైనింగు పాసై మూడేళ్ళుగా ఇంట్లో కూర్చుంది. చిన్నది ఎస్తేరు, పదమూడేళ్ళది, మా నీరజకంటే ఏడాది పెద్ద. ఇద్దరూ నా ఏడో తరగతిలోనే.

ఆ ఎస్తేరును నువ్వు చూడాలి. సన్నటి పిల్ల, గట్టిగా మాట్లాడదు, నవ్వడం కూడా తక్కువే. కానీ ఆ పిల్ల కూర్చున్న చోట పిల్లలు కూర్చుంటారు, లేస్తే లేస్తారు. మా నీరజ వచ్చిన నాలుగు నెలలకే ఆ పిల్లలా నడవడం మొదలుపెట్టింది. జడ ఎడమ భుజం మీదుగా ముందుకి వేసుకోవడం, మాట అనే ముందు చూపుడు వేలితో ముక్కు తుడుచుకోవడం, అన్నీ ఎస్తేరువే. మాట సరేసరి. ఒకరోజు వంటింట్లోంచి, "అమ్మా, నాకు ఆకలైతున్నది, జర జల్ది పెట్టు" అని వినిపిస్తే ఎవరి పిల్లో వచ్చిందనుకుని తొంగి చూశాను. ట్రైనింగు కాలేజీలో మాకు పాఠం చెప్పారు, పదేళ్ళు దాటిన పిల్లకి కన్నవాళ్ళ మాటకంటే తోటివాళ్ళ మాటే ఎక్కువని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. రాయడం వేరు, ఇంట్లో చూడడం వేరు.

చలికాలం చివర్లో బడి మూతబడింది. చేవెళ్ళలోనూ అంతే, పట్నంలోనూ అంతే. మా బడి గోడ మీద ఎవరో బొగ్గుతో గైరుముల్కీలు, అంటే మనలాంటి పైప్రాంతం వాళ్ళు, వెళ్ళిపోవాలని రాశారు. దాని కిందగానే నేను రోజూ తాళం ఉందో లేదో చూసుకుని వచ్చేదాన్ని. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. పాలు పోసే ఆవిడ పాలు పోస్తూనే ఉంది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే అని వాళ్ళడిగే దాంట్లో న్యాయం లేదని నేననలేను అక్కయ్యా. రూతు వాకిలి ఊడుస్తుంటే, నేను తాళంచెవుల గుత్తి పట్టుకుని ఆ పిల్లను దాటుకుని వెళ్తుంటే, నా కాళ్ళకేదో అడ్డం పడినట్టుండేది. కానీ రాజీనామా ఇచ్చి రాలేదు కదా. అనుకోవడం వరకే నా న్యాయం.

బడి లేకపోతే పిల్లలేం చేస్తారు? పొద్దస్తమానం ఎక్కడో ఆడేవాళ్ళు. నీరజ కూడా వెళ్ళేది. మంచిదే, ఒక్కతీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందని నేనే పంపేదాన్ని. ఎండలు ముదిరే వేళకి పిల్లలో ఏదో తేడా కనిపించింది. పిలిస్తే పలికేది కాదు. మొదట పొగరనుకున్నాను. తర్వాత, పొగరుగా పలకకపోతే ముఖంలో తెలుస్తుంది కదా, ఇది అది కాదనిపించింది. గోడను పిలిస్తే గోడ ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. అన్నానికి రెండు కంచాలు పెడితే ఒకటి తీసి మళ్ళీ గూట్లో పెట్టేసేది. నేను అవతలికి వెళ్ళి వచ్చేసరికి గిన్నెలో ఒక ముద్ద తగ్గి ఉండేది, అంతే. అద్దం ముందు నిలబెట్టి జడ వేస్తే, పక్కకి జరిగి నిలబడేది, వెనకనుంచి ఎవరో చూసుకుంటుంటే అడ్డం తప్పుకున్నట్టు.

ఒక మధ్యాహ్నం నాకు ఓపిక చచ్చి, "నీరజా!" అని అరిచాను. ఎదురుగానే ఉంది. నెమ్మదిగా నా వంక చూసి, "నీరజ ఇయ్యాల రాలే" అంది.

"మరి నువ్వెవరివే?"

గడప దాటి వెళ్ళిపోయింది. వేళాకోళం కాదక్కయ్యా. ఇంటికి ఎవరో వచ్చి అడిగితే పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు బస్సు లేదు. కూరగాయల లారీ డ్రైవరును బతిమాలి, వంకాయ గంపల మధ్య కూర్చుని చేవెళ్ళ దవాఖానకి తీసుకెళ్ళాను. డాక్టరుగారు పెద్దాయన. నీరజ వెనక నిలబడి చిటికె వేశారు, వాచీ చెవి దగ్గర పెట్టారు, నోరు తెరిపించారు. "చెవులు మంచిగున్నయమ్మా. అంతా ఇనబడుతున్నది" అన్నారు. ఆగి, "పిల్లకు దోస్తులున్నరా?" అని అడిగారు.

"ఇరవై మంది ఉన్నారండీ. రోజంతా వాళ్ళతోనే."

"అయితే ఫికర్ లేదు" అన్నారాయన. లారీలో తిరిగొస్తుంటే ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏమో, ఆయన లేదన్న బెంగంతా అక్కడే ఉందేమోనని మొట్టమొదటిసారి తోచింది.

ఆ మర్నాడు వాళ్ళ వెనకే వెళ్ళాను. తల్లి చెయ్యదగ్గ పని కాదు, తెలుసు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేదు. వాళ్ళు వెళ్ళింది మా బడికే. గదులకి తాళాలుంటే వరండాలో వరసగా కూర్చున్నారు, ఇరవై మంది దాకా. నేను చివరి స్తంభం వెనక నిలబడ్డాను. బడి మూసినా బడి ఆటే ఆడుతున్నారు. ఎస్తేరు టీచరు. ఒళ్ళో పాత లెక్కల పుస్తకం పెట్టుకుని హాజరు వేస్తోంది. గొంతు సన్నగా, తొందర లేకుండా. ఒక్కొక్కరూ "హాజర్ టీచర్" అంటున్నారు. ఎవరూ నవ్వడం లేదు. పిల్లలు ఆడుకుంటుంటే చప్పుడుండాలి కదా, అదే లేదు.

"పదమూడు, యాదగిరి."

"హాజర్ టీచర్."

తర్వాత ఎస్తేరు ఆగింది. పుస్తకంలోకి చూసి, తలెత్తి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. ఒక పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు. ఇరవై తలల్లో ఒక్కటి కదల్లేదు.

"పదిహేను, పోచయ్య."

"హాజర్ టీచర్."

పద్నాలుగు మా నీరజది. వరస మధ్యలోనే కూర్చుని ఉంది. అటూ ఇటూ జానెడు జానెడు ఖాళీ వదిలి పిల్లలు కూర్చున్నారు. తన అరచేతిలోకి చూసుకుంటోంది. పిలవలేదని ఏడుపు లేదు, కోపం లేదు. ఆ ఆగిన క్షణంలో అందరితో పాటు తనూ ఆగింది. అక్కడ ఎవరూ లేరన్న సంగతి తనూ ఒప్పుకున్నట్టు.

నేను కేకెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ తెలియదు. ఆ ఆగడం నాకెక్కడో తెలిసినట్టుండడం వల్లనేమో. ఇంటికొచ్చి నీకు కార్డు రాశాను. పిల్లకి ఇక్కడ పడటం లేదు, మీ దగ్గరికి పంపుతానని. కారణం రాయలేదు, ఎట్లా రాయను?

శాంతమ్మగారితో చెబితే నవ్వేసింది. "పిల్లలాట టీచరమ్మా! ఇయ్యాల కటీఫంటరు, రేపు ఒక్క ఆకుల తింటరు. మా ఎస్తేరును దంచనా చెప్పుండ్రి."

"వద్దు, నేనే అడుగుతాను" అన్నాను.

ఎస్తేరు వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఒక్కో కాయా రాతి మీద పెట్టి, గుండ్రాయితో ఒక్క దెబ్బ. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎస్తేరూ, హాజరులో నీరజ పేరెందుకు పిలవరే మీరు?"

"అది పిల్వొద్దు గద టీచర్."

"పిలవొద్దని ఎవరన్నారు?"

ఆ పిల్ల రాయి ఆపి నా ముఖంలోకి చూసింది. తెలిసిన లెక్కే టీచరు ఎందుకు అడుగుతోందా అన్నట్టు. "మీరే పిల్వరు గద! పదమూడు యాదగిరి అంటరు, జరంత ఆగుతరు, పదిహేను పోచయ్య అంటరు. మేం గూడ గట్లనే. మీ లెక్క ఆడకుంటే అది బడి ఎట్లయితది?"

అక్కయ్యా, నిజమే. మొదటి సంవత్సరం మొదటి రోజు నేను నీరజ పేరు పిలిస్తే అది "ఉన్నానమ్మా" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు సిగ్గేసింది. మా అమ్మాయని పక్షపాతం అనుకుంటారేమోనని ఆ మర్నాటినుంచి పద్నాలుగు రాగానే ఆగి, ఒకసారి తలెత్తి చూసి, టిక్కు పెట్టి, పదిహేనుకి వెళ్ళిపోయేదాన్ని. ఎదురుగా కనిపిస్తుంటే పిలవడమెందుకు అనుకున్నాను. నలభై జతల కళ్ళు రోజూ అది చూస్తున్నాయని నాకు తట్టనే లేదు.

"నీరజ ఏమీ అనలేదా?" అని అడిగాను.

"మొదాలు దినం 'నేనున్న' అన్నది. మేం ఇనలే. ఆటల గంతే. రెండో దినం గూడ అన్నది. మల్ల అనలే." ఇంకో కాయ రాతి మీద పెట్టి, దెబ్బ వెయ్యకుండా, "మా అక్కను గూడ మూడేండ్ల సంది ఎవ్వరు పిల్వలే టీచర్. అదేమన్న సచ్చిందా?" అంది.

రూతు లోపల బియ్యం చెరుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

తొలకరి పడ్డాక బడి తెరిచారు, పరీక్షలు జరగక అదే క్లాసు, అవే నంబర్లు. మొదటి రోజు గదంతా బూజు, గబ్బిలాల వాసన. హాజరు పట్టీ తీశాను. పదమూడు దాకా వరసగా పిలిచాను. తర్వాత, "పద్నాలుగు, నీరజ" అన్నాను.

పలకలేదు. మళ్ళీ పిలిచాను. నీరజ తలెత్తింది, కానీ నన్ను చూడలేదు. రెండు వరసల అవతల కూర్చున్న ఎస్తేరును చూసింది. ఎస్తేరు కిటికీ బయటికి చూస్తోంది. పన్నెండేళ్ళుగా నేను పెంచుకున్న పిల్ల, నేను పెట్టిన పేరు, నా నోటితో పిలుస్తుంటే, తను ఉందో లేదో ఇంకో పిల్లను అడిగి చెప్పడానికి కూర్చుంది. చివరికి ఎస్తేరు తల తిప్పకుండానే గడ్డం ఇంతంటే ఇంత, చింతగింజంత, పైకెత్తింది.

"హాజర్ టీచర్" అంది నీరజ.

క్లాసంతా ఒక్కసారిగా కదిలింది. గాలి లోపలికి వచ్చినట్టయింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే గొడుగులో ఇంటికొచ్చారు. నీరజ మూడు రొట్టెలు తిని, పచ్చిపులుసు ఇంకా పొయ్యమంది. ఆ రాత్రి నేను ఏడ్చాను, సంతోషంతోనే. అది సంతోషమేనని ఇప్పుడంత గట్టిగా చెప్పలేను.

ఆ తర్వాత మూడు వారాలు చాలా బాగున్నాయి. పిల్ల ఒళ్ళు చేసింది. మాట చక్కగా, తడబాటు లేకుండా, ఇక్కడి పిల్లలాగే. నీ ఉత్తరం వచ్చేసరికి ఇక పంపక్కర్లేదు, బాగైపోయింది అని రాద్దామనుకుంటున్నాను. ఇక్కడిదాకా అయితే ఒక కార్డు సరిపోయేది.

పోయిన గురువారం బడి వదిలాక నేను మేడ మీది గదిలో లెక్కలు దిద్దుకుంటూ ఉండిపోయాను. దిగి వస్తుంటే వరండాలో హాజరు వినిపించింది. ఆ గొంతు నాది. నిజంగా నాదే అనిపించింది, మెట్టు మీదే నిలబడిపోయాను. వంగి చూస్తే నీరజ. టీచరు చోట కూర్చుంది. ఎస్తేరు మొదటి వరసలో మఠం వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"ఇరవై ఒకటి, మల్లేశం."

"హాజర్ టీచర్."

నీరజ పెన్సిలు మొన నాలుకకి తాకించింది. అది నా అలవాటు, నువ్వు చిన్నప్పుడు తిట్టేదానివి చూడు. పుస్తకంలోకి చూసింది. తలెత్తింది. ఎస్తేరుకంటే బాగా ఆగింది అక్కయ్యా, నాకంటే కూడా బాగా.

"ఇరవై మూడు, సత్తెమ్మ."

ఇరవై రెండు శకుంతల. అజీజ్‌నగర్ నుంచి ఈ ఏడే వచ్చి, ఖాళీ అయిన నంబరులో చేరిన పిల్ల, క్లాసులో అందరికంటే చిన్నది. తోట పనికి వచ్చిన కుటుంబం. చివర్లో కూర్చుని, పలకడానికి నోరు తెరిచి, చెయ్యి సగం లేపి, అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి చెయ్యి దించి తన అరచేతిలోకి చూసుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక అడిగాను. అరవకూడదని ముందే అనుకున్నాను. అన్నం వడ్డిస్తూ, మామూలుగా, "ఇరవై రెండు ఎవరే నీరజా?" అన్నాను.

"ఇర్వై ఒకటి మల్లేశం, ఇర్వై మూడు సత్తెమ్మ" అంది.

"మధ్యలో?"

"మధ్యల ఎవ్వరున్నరమ్మా?"

"శకుంతల ఉంది. నీకెదురుగానే కూర్చుంది. చెయ్యి ఎత్తింది."

నీరజ ముద్ద ఆపి నన్ను చూసింది. అబద్ధం చెప్పే పిల్ల కళ్ళు నాకు తెలుసు, బళ్ళో పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. ఆ కళ్ళలో అబద్ధం లేదు. "నేను చూడలే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కడ చల్లగుంటదమ్మా" అంది.

"ఎక్కడ?"

తన అరచేతిలోకి చూసుకుంది. కంచం కడిగి, ఎస్తేరు పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇక ఇప్పుడు నా మనసు చెబుతాను. బావగారిని పంపవద్దు. నీరజ అక్కడికి వస్తే నీ పిల్లలతో నెల తిరక్కుండా కలిసిపోతుంది, నీ చిన్నదానిలా నడుస్తుంది, నీ పెద్దదానిలా నవ్వుతుంది, నాకు తెలుసు. ఎవరి మధ్య ఉంటే వాళ్ళవుతుంది, ఈ వయసు అట్లాంటిది. అందరం ముద్దు చేస్తాం, మంచి పిల్ల అంటాం. ఇక్కడ చివరి వరసలో శకుంతల అరచేతిలోకి చూసుకుంటూ ఉంటుంది. ఆ పిల్లను అక్కడ కూర్చోబెట్టింది నా కూతురు. నా కూతురికి నేర్పింది నేను. ఇప్పుడు పిల్లను రైలెక్కించడమంటే, ఇంకోసారి ఆగి, టిక్కు పెట్టి, తర్వాతి నంబరుకి పోవడమే కదా?

శుక్రవారం పొద్దున శకుంతల పేరు నేను పిలిచాను. గట్టిగానే, రెండుసార్లు. పిల్ల ఎదురుగానే ఉంది. నా వంక చూడలేదు, నీరజ వంక చూసింది. నీరజ కిటికీ బయటికి చూస్తోంది. గడ్డం కదల్లేదు. నిన్న కూడా అంతే. దెబ్బలు వేసి చెప్పించవచ్చు, నోరు చెబుతుంది. కానీ ఆ పిల్ల ఉన్నట్టు నీరజ కళ్ళకి కనబడాలి కదా. అది నా చేతిలో లేదు. ఎస్తేరు ఆ రోజు ఎందుకు గడ్డం ఎత్తిందో నాకు తెలియదు, నా మాట విని మాత్రం కాదు. చింతపండు రాతి ముందు నేను కూర్చున్నందుకా, వాళ్ళ అక్క గుర్తొచ్చా, ఊరికేనా? ఏదైనా అటువంటిదే నీరజలోనూ ఒకటి మెదిలే దాకా ఎదురు చూస్తాను. ఎదురు చూస్తే మెదులుతుందనీ చెప్పలేను. రోజూ పిలుస్తాను, అంతవరకే నాది. పట్టీలో ఇరవై రెండు ఎదురుగా రెండు రోజులుగా టిక్కు లేదు, సున్నా లేదు. ఇన్‌స్పెక్టరు వస్తే ఏం చెప్పుకుంటానో చూడాలి.

రూతు చేత ఈసారి అర్జీ నేనే రాయించాను, నా సంతకంతో సిఫారసు కూడా పెట్టాను. దాని వల్ల ఏమవుతుందని అడక్కు.

నీకు పెట్టే కోరికలు రెండే. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి, నాలుగు ఊరమిరపకాయలు పంపు. జొన్నరొట్టెలోకి బాగుంటాయని శాంతమ్మగారు కూడా అడిగింది. రెండోది అమ్మకి. పొద్దున్నే దీపం పెట్టి పిల్లలందరి పేర్లూ వరసగా అనుకుంటుంది కదా, అందులో నీరజ తర్వాత శకుంతల అని ఒక్క పేరు కలపమను. ఎవరి పిల్ల అని అడిగితే నా బళ్ళో పిల్ల అని చెప్పు. మనసులో అనుకోవడం కాదు, పైకి పలకమను. ఎంత దూరమైనా సరే, రోజుకొకసారి ఎవరో ఒకరు ఆ పేరు పిలిచి, జవాబు కోసం ఆగితే చాలు.

బావగారికి నా నమస్కారాలు, టిక్కెట్టు కొని ఉంటే మన్నించమను. అమ్మ పాదాలకి నా తరఫున దండం పెట్టు, నీ పిల్లలకి ఆశీస్సులు. నన్నూ, నీరజనూ మీ పెద్దల దీవెనే చల్లగా కాపాడాలి.

నీ చెల్లెలు,
సుభద్ర

ఇది మడిచేలోగా నీరజ వచ్చి ఎవరికి రాస్తున్నావని అడిగింది. పెద్దమ్మకని చెప్పాను. "మనమందరం మంచిగున్నమని రాయి" అంది. అందరమంటే ఎవరెవరని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి ఒక్కొక్క పేరే చెప్పింది, ఎస్తేరు, రూతక్క, శాంతమ్మ, అమ్మ; తన పేరూ రాలేదు, శకుంతల పేరూ రాలేదు. నాలుగో వేలి దగ్గర ఆగి, ఐదో వేలు పట్టుకుని, అట్లాగే దాని వంక చూస్తూ నిలబడింది. ఇంకా నిలబడే ఉంది.